వలందుల పతనం చెప్పాల్సిన వారం

నేను పిరికిదాన్ని. వినయం కొద్దీ చెబుతున్న మాట కాదిది. నన్నెరిగిన వాళ్ళెవరినడిగినా ఇదే చెబుతారు. అమెరికా వచ్చాక కొన్నేళ్ళపాటు కారు స్టీరింగు ముట్టుకోలేదు. ఫోను మోగితే గుండె దడదడలాడేది. ఒకసారి కిరాణా కొట్టులో ఒకాయన నన్ను ఇరాన్ మనిషిననుకుని మీ దేశం పొమ్మని అరిచాడు. ఇరాన్‌కీ బందరుకీ ఎంత దూరమో ఆయనకు వివరించే ధైర్యం నాకెక్కడిది? చేతిలో ఉన్న పాల డబ్బా అక్కడే వదిలేసి వచ్చేశాను. అలాంటి నాకు దొరికిన ఉద్యోగం ఏమిటయ్యా అంటే, ఆరేసి అడుగుల మనుషుల ముందు నిలబడి చరిత్ర పాఠం చెప్పడం.

మాది బందరు. వలందపాలెంలో పుట్టాను. ఆ వలందులెవరో మా ఇంట్లో ఎవరూ ఎప్పుడూ ఆలోచించినట్టు లేదు. హాలెండు నుంచి వచ్చిన డచ్చివాళ్ళని పాతరోజుల్లో మనవాళ్ళు వలందులు అనేవారని, వాళ్ళు ఓడలేసుకుని మా ఊరొచ్చి, వర్తకానికి కోఠీ కట్టుకుని, మా అద్దకం గుడ్డలు యూరప్ అంతా అమ్ముకున్నారని నాకు కాలేజీలో చేరాక గానీ తెలియలేదు. తెలిశాక మాత్రం వదిలిపెట్టలేదు. ముళ్ళకంపల మధ్య ఉన్న వాళ్ళ సమాధుల చుట్టూ తిరిగాను. నల్లరాయి మీద వాళ్ళు చెక్కించుకున్న కుటుంబ చిహ్నాలు చూసి, ఇంత దర్జాగా బతికినవాళ్ళు ఏమైపోయారా అని తెగ ఆశ్చర్యపోయాను. ఎం.ఏ. అయ్యాక నా పరిశోధన కూడా వాళ్ళ మీదే చేశాను. దివిసీమ ఉప్పెన తర్వాతి ఏడాది పెళ్ళి చేసుకుని ఇలినాయ్ వచ్చాను.

మా ఆయన మట్టి తవ్వే యంత్రాలు తయారుచేసే ఫ్యాక్టరీలో ఇంజనీరు. అరోరా నుంచి గంటసేపు ప్రయాణం చేస్తే వచ్చే చిన్న ఊరు. ఊరంతా ఆ ఫ్యాక్టరీ మీదే బతికేది. ఫ్యాక్టరీలో సెకండ్ షిఫ్టు మనుషులు పొద్దున పూట ఖాళీగా ఉంటారు కాబట్టి, వాళ్ళ యూనియన్ ఫీజు కట్టి ఊళ్ళోని చిన్న కాలేజీలో చదివించేది. యూరప్ చరిత్ర చెప్పడానికి మనిషి కావాలంటే నేను వెళ్ళాను. ఇంటర్వ్యూలో నా గొంతు నాకే వినపడలేదు. అయినా ఉద్యోగమిచ్చారు. వేరే ఎవరూ అప్లై చేయలేదని తర్వాత తెలిసింది.

సోమ, బుధ, శుక్రవారాలు క్లాసు. నా విద్యార్థులు నాకంటే పెద్దవాళ్ళు, చేతుల మీద కాలిన మచ్చలున్న వాళ్ళు. రాజుల కథలు చెబితే ఆవలించేవారు. వలందుల దగ్గరికి వచ్చేసరికి నిటారుగా కూర్చున్నారు. ఎందుకంటే అది పని తెలిసినవాళ్ళ కథ. సముద్రం కంటే పల్లంలో ఉన్న నేల. తవ్వితే ఇనుము లేదు, నరుకుదామంటే అడవి లేదు. అయినా గాలిమరలకి రంపాలు బిగించి, పరాయి దేశాల దుంగలు తెచ్చి కోసి, కొద్దిమంది నావికులతో నడిచే చవక ఓడలు కట్టారు. పడవ మీదే చేపని చీల్చి ఉప్పులో వేసి, తీరానికి వచ్చేలోపు సరుకు తయారుచేశారు. ఆ తర్వాత మిరియాలు, పట్టు, మా బందరు గుడ్డలు. వెనక బెంచీలో కూర్చునే గడ్డపాయన ఒకడుండేవాడు. లేతు మెషీను మీద పనిచేసేవాడు. గుండ్రంగా తిరిగే గాలిమర రంపాన్ని కిందికీ పైకీ ఎలా ఆడించిందో బోర్డు మీద బొమ్మ గీయమని పట్టుబట్టాడు. నేను గీసింది చూసి క్లాసంతా నవ్వితే, తనే లేచి వచ్చి సరిచేశాడు. ఆ రోజు భయం లేకుండా ఇంటికెళ్ళాను. అలాంటి రోజులు తక్కువ కనుక ఇప్పటికీ గుర్తు.

ముందు బెంచీలో ఒకావిడ కూర్చునేది. వెల్డరు. యాభై దాటిన మనిషి, నవ్వితే కళ్ళు రెండూ మూసుకుపోయేవి. నాకు డ్రైవింగు రాదని తెలిసిన మొదటి రోజు నుంచి క్లాసు కాగానే తన ట్రక్కులో నన్ను ఇంటి దగ్గర దింపేది. నన్ను 'హనీ' అని పిలిచేది. ఇంగ్లీషులో మీరూ నువ్వూ ఒకటే గానీ, నా లోపల ఆవిడ ఎప్పుడూ 'మీరే'. ఆ ఊళ్ళో నాకు ఎవరున్నారని అడిగితే మా ఆయన తర్వాత ఆవిడ పేరే చెప్పేదాన్ని.

ఒక ఆదివారం అరోరా దగ్గర ఒకరింట్లో తెలుగు ప్రార్థన కూడిక ముగించుకుని తిరిగి వస్తున్నాం. మధ్యాహ్నం. రెండు పక్కలా కోసేసిన మొక్కజొన్న చేలు. మా ఆయన రోడ్డు మీంచి చూపు తిప్పకుండా అన్నాడు.

"ప్లాంట్ క్లోజ్ చేస్తున్నారు. మార్చి ఎండింగ్‌కి."

నాకు అర్థం కాలేదు. "ఏ ప్లాంటండీ?"

"మాదే. ఏ మెషీను ఎలా ఊడదీయాలో, ఏ లారీలో ఎక్కించాలో డ్రాయింగ్స్ వేయమన్నారు. నెల్రోజుల నుంచి అదే పని."

ఎవరికీ చెప్పనని ఆయన చేత సంతకం పెట్టించుకున్నారట. మాట బయటికి పొక్కకపోతే హెడ్డాఫీసులో ఉద్యోగం ఇస్తామన్నారట. మా గ్రీన్ కార్డు కాగితాలు కంపెనీ పేరు మీదే నడుస్తున్నాయి. ఉద్యోగం పోతే కాగితాలు పోతాయి, కాగితాలు పోతే మేము పోవాలి. ఫ్యాక్టరీ మూసే ముందు కార్మికులకి చెప్పితీరాలన్న చట్టం ఆ రోజుల్లో లేదు. ఇదంతా చెప్పి ఆయన, "నీ స్టూడెంట్స్ అంతా మావాళ్ళేగా?" అన్నాడు. అవునన్నాను. జాగ్రత్తగా ఉండమంటున్నాడనుకుని, నోరు కుట్టేసుకోవాలని ఆ కారులోనే ఒట్టు పెట్టుకున్నాను.

మర్నాడు సోమవారం. వలందుల పతనం మొదలుపెట్టాల్సిన రోజు. పాఠ్యపుస్తకంలో ఆ అధ్యాయం పేరే అది. నా నోట రాలేదు. మా ఇంట్లో చెడుమాట పలకకూడదు. మా అమ్మ చర్చికి వెళ్ళే మనిషే అయినా, సంధ్యవేళ ఎవరైనా 'పోయారు' అంటే నోటి మీద కొట్టేది. ప్రభువు పిలుపు అందుకున్నారనాలి, లేకపోతే ఊరుకోవాలి. ఇప్పుడు నా ఎదురుగా కూర్చున్న ఇంతమందిలో ఎవరి బతుకు ఏమవుతుందో నాకొక్కదానికే తెలుసు. వాళ్ళ మొహాలు చూస్తూ పతనం అనే మాట ఎలా అనను? అందుకని మళ్ళీ వైభవమే చెప్పాను. నది ఒడ్డున వర్తకులు కట్టుకున్న మేడలు, తోటలు, బంగారు పూత పూసిన గేట్లు, చలువరాతి మెట్లు. గంటంతా మేడలే.

వెనక బెంచీ గడ్డపాయన చెయ్యెత్తాడు. "మేడమ్, మరి ఓడలు కట్టడం సంగతేమైంది? రెండు క్లాసుల నుంచి ఒక్క ఓడ కూడా కట్టలేదు వాళ్ళు."

"అది తర్వాత చెబుతాను," అని నీళ్ళు నమిలాను.

ట్రక్కెక్కాక ఆవిడ మాటల్లో పడి చెప్పింది. కంపెనీకి టెనెసీలో ఇంకో ప్లాంటు ఉంది. సీనియర్లు కొందరికి అక్కడికి మారడానికి అవకాశమిచ్చారు. ఇష్టమో కాదో శుక్రవారం సాయంత్రం ఐదులోపు ఆఫీసులో చెప్పేయాలి. ఆవిడ వెళ్ళదలచుకోలేదు.

"ఇక్కడే పుట్టాను, ఇక్కడే పోతాను. పైగా వసంతంలో ఆర్డర్లు వస్తాయని ఫోర్‌మన్ చెప్పాడు. క్యాంటీనుకి కొత్త రంగులు కూడా వేయిస్తున్నారు హనీ. మూసే ఇంటికి ఎవరైనా రంగులేస్తారా?"

నా పై ప్రాణాలు పైనే పోయాయి. పొద్దున నేను చెప్పిన బంగారు గేట్లే కళ్ళ ముందు కనబడ్డాయి. చెప్పకపోతే ఈవిడ శుక్రవారంతో మునిగిపోతుంది. చెబితే మేము మునిగిపోతాం. ఏం చేయాలి?

మనవాళ్ళం ఏం చేస్తామో అదే చేశాను. ఉప్పెనలో మా పిన్ని కొట్టుకుపోయినప్పుడు నాగాయలంక వైపు నుంచి ఒక మనిషి మా గుమ్మంలోకి వచ్చి, "చిన్నమ్మగారికి కాస్త నలతగా ఉందండి, ఓసారి వచ్చి చూసిపోతారా," అన్నాడు. అంతే. ఆ మాట పూర్తికాకుండానే మా అమ్మ గుండెలు బాదుకుంది. పిన్ని పోయిందని అతను అనలేదు, అతను అనాలని మేమూ అనుకోలేదు. మా వైపు చావు కబురు అలాగే వస్తుంది. అలా చెప్పడంలో దయ ఉంది. చెప్పినవాడి నోరు చెడిపోదు, విన్నవాళ్ళకి ఇంకో క్షణం దొరుకుతుంది.

సరిగ్గా అలాగే చెవిన వేశాను. ముందు, టెనెసీలో చలి తక్కువట అన్నాను. ఓసారి వెళ్ళి చూసి వస్తే పోయేదేముంది అన్నాను. కాసేపు కిటికీలోంచి చూసి, గొంతు తగ్గించి, "మా ఆయన కూడా ఈ మధ్య అన్నం సరిగా తినడం లేదండీ," అన్నాను.

అదీ నా లెక్కలో కుండబద్దలు కొట్టినట్టు. ఫ్యాక్టరీలో ఇంజనీరు అన్నం తినడం లేదంటే, అదీ ఈ మాట వచ్చిన సందర్భంలో అంటే, ఇంకా విప్పి చెప్పడానికేం మిగిలింది? ఆవిడ ట్రక్కు స్లో చేసింది. నా వైపు తిరిగి చాలాసేపు చూసింది. నా చేతి మీద చెయ్యి వేసింది.

"అర్థమైంది హనీ," అంది.

మంగళవారం నాకు నరకం. చెప్పేశాను! మొగుడి నోటి మాట, సంతకం పెట్టి దాచిన మాట, ట్రక్కులో చెప్పేశాను. ఆవిడ షిఫ్టులో ఎవరితోనో అని ఉంటుంది, వాళ్ళు ఫోర్‌మన్‌ని అడిగి ఉంటారు, ఫోర్‌మన్ పైకి చెప్పి ఉంటాడు. ఈ పాటికి మా ఆయన్ని ఎవరి గదిలోనో నిలబెట్టి ఉంటారు. పదకొండింటికి ఫోను మోగింది. తీయలేదు. ఆగి మళ్ళీ మోగింది. సోఫా వెనక నిలబడి దాని వంకే చూశాను, అది నన్ను కరుస్తుందేమోనన్నట్టు. మూడోసారి మోగితే కళ్ళు మూసుకుని ఎత్తాను. కాలేజీ లైబ్రరీ వాళ్ళు. నేను తీసుకెళ్ళిన స్లయిడు ప్రొజెక్టరు ఇంకెవరికో కావాలట. సరేనని ఫోను పెట్టేసి వంటింటి గచ్చు మీద కూలబడి ఏడ్చాను. సాయంత్రం మా ఆయన మామూలుగానే వచ్చాడు, మామూలుగానే సగం అన్నం వదిలేశాడు. నేనేమీ చెప్పలేదు. భయం ఎంత పెరిగిందంటే, ఆయన బూట్ల చప్పుడు విన్నా ఉలిక్కిపడ్డాను.

బుధవారం క్లాసులో ఇక తప్పలేదు. తల వంచుకుని పతనం చెప్పాను. వర్తకుల కొడుకులు ఓడల మీద పెట్టుబడి మానేసి, ఇంగ్లండుకి వడ్డీకిచ్చుకుని కూర్చున్నారని చెప్పాను. ఒకప్పుడు సుత్తి చప్పుళ్ళతో మారుమోగిన ఓడలు కట్టే రేవులు మెల్లగా మూగబోయాయని, లైడెన్ ఊళ్ళో మగ్గాలు ఒక్కొక్కటే ఆగిపోయాయని చెప్పాను. సముద్రం పురుగు వచ్చి సముద్రాన్ని ఆపే కట్టలకి దన్నుగా పాతిన దుంగల్ని లోపల్నుంచి తినేస్తుంటే, పైనుంచి చూసినవాళ్ళకి దుంగ దుంగలాగే కనబడిందని చెప్పాను. రేవుల్లో ఇసుక మేట వేసిందని చెబుతుంటే మా బందరు రేవే గుర్తొచ్చింది. పెద్ద ఓడలొచ్చిన చోట మా చిన్నప్పటికి చేపల పడవలే మిగిలాయి.

గడ్డపాయన మళ్ళీ చెయ్యెత్తాడు. "ఆ పనివాళ్ళకి ముందే తెలియలేదా?"

"పని తగ్గిన ప్రతిసారీ, ఈ ఒక్క ఏడాదికేలే అనుకున్నారు."

"మరి డబ్బున్నవాళ్ళకి?"

"వాళ్ళకి తెలుసు," అన్నాను. అందరూ నన్నే చూస్తున్నారు. ఇక అయిపోయింది, పట్టేశారు అనుకున్నాను. తీరా చూస్తే, నా మాట రాసుకోవడానికి తలెత్తి ఆగారు అంతే. మళ్ళీ తలలు వంచి రాసుకోవడంలో పడ్డారు.

ఆ రోజు ట్రక్కెక్కగానే ఆవిడ సీటు కింద నుంచి పెద్ద గాజు సీసా తీసి నా ఒళ్ళో పెట్టింది. ఇంకా వెచ్చగా ఉంది. కోడి పులుసు.

"మీ ఆయనకి. మిరియాలు వేయలేదు, కడుపుకి మంచిది. మా ఆయనకీ అల్సరు అలాగే మొదలైంది, అన్నం మానేశాడు. ఆలస్యం చేయకు, డాక్టరుకి చూపించు. సోమవారం నువ్వు చెప్పినప్పటి నుంచీ నాకు ఒకటే దిగులు."

రెండు రోజులు నేను చచ్చి బతికింది దేనికి? ఆవిడకి ఒక్క ముక్క అందలేదు. భయపడ్డందుకు సిగ్గేసింది, పొక్కనందుకు హాయిగా అనిపించింది, ఆ హాయి చూసుకుని మళ్ళీ సిగ్గేసింది.

"ఒక్క రెండు నిమిషాలు ప్లాంటు దగ్గర ఆగుదాం," అంది ఆవిడ. "టెనెసీ వాళ్ళకి నో చెప్పేసి వస్తాను. శుక్రవారం దాకా ఎందుకు, ఆ సీటు ఇంకొకరికి పనికొస్తుంది. తర్వాత నిన్ను దింపేస్తా."

ట్రక్కు ఫ్యాక్టరీ పార్కింగులోకి మలుపు తిరిగింది. నేను డాక్టరు సంగతి, పులుసు సంగతి ఏవేవో మాట్లాడాను. ఇంకోసారి టెనెసీ చలి గురించి కూడా ఎత్తాను. ఆవిడ నవ్వి, ఇంజను ఆపి, తలుపు తీసింది. ఒక కాలు కింద పెట్టింది.

"మూసేస్తున్నారు," అన్నాను.

ఆవిడ ఆగింది. "ఏమిటీ?"

"ప్లాంటు. మార్చి ఆఖరుకి. మొత్తం మూసేస్తున్నారు. మెషీన్లు ఊడదీసి పట్టుకుపోతున్నారు. మా ఆయన గీస్తున్నాడు ఆ బొమ్మలు. కాదనకండి, వెళ్ళనని చెప్పకండి, దయచేసి."

ఇంత నేరుగా నేను జీవితంలో ఎవరికీ ఏదీ చెప్పలేదు. పెద్ద తిట్టు తిట్టినంత పనైంది. ఆవిడ మొహంలో రంగు పోయింది. ట్రక్కు తలుపు వేసి ప్లాంటు ఆఫీసులోకి వెళ్ళిపోయింది. ఒళ్ళో సీసా చల్లారిపోతుంటే అలాగే కూర్చున్నాను. ఆ గేటులోంచి వచ్చే ప్రతి మనిషీ నా కోసమే వస్తున్నాడనుకున్నాను.

తిరిగొచ్చి స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టి కూర్చుంది. "వెళ్తానని సంతకం పెట్టాను," అంది. ఆ తర్వాత, "వెనక బెంచీ వాడికి కూడా ఇచ్చారు ఆ అవకాశం. మన క్లాసులో ఇంకా ఐదారుగురికి. అందరూ వెళ్ళేది లేదంటున్నారు," అంది.

"ఎవరికీ చెప్పకండి. మా కాగితాలు పోతాయి. మీ కాళ్ళు పట్టుకుంటాను."

కాళ్ళు పట్టుకోవడమేమిటో ఆవిడకి తెలియదు. కానీ నా గొంతు తెలిసింది. "నేను చెప్పను హనీ. నేను చెబితే ఎవరు చెప్పారని అడుగుతారు, నాకు అబద్ధం ఆడటం చేతకాదు. చెప్పాలో వద్దో నువ్వే చూసుకో."

సాయంత్రం మా ఆయన రాగానే, ఆయన ఇంకా కోటు విప్పకుండానే చెప్పేశాను. దాచుకునే ఓపిక అయిపోయింది. "ఏవండీ, నేను ఆవిడకి చెప్పేశానండీ." తిడతాడనుకున్నాను. మా ఆయన అరిచే మనిషి కాదు, అయినా ఆ రోజు చెయ్యెత్తినా కాదననని సిద్ధపడి నిలబడ్డాను.

ఆయన కుర్చీలాక్కుని కూర్చున్నాడు. "ఒక్కావిడకేనా?" అన్నాడు.

"అంటే?"

"క్లాసులో చెప్పలేదా?"

లేదన్నట్టు తల ఊపాను.

"సంతకం పెట్టింది నేను. నువ్వు పెట్టలేదుగా," అన్నాడు, బల్ల వైపు చూస్తూ. "నీ క్లాసు నిండా వాళ్ళే. రోజూ వాళ్ళ మొహాలు చూస్తూ ఆ డ్రాయింగులు గీయలేక చస్తున్నా. నీకెందుకు చెప్పాననుకున్నావ్?"

"వాళ్ళకి చెప్పమని ఓ మాట అనొచ్చు కదండీ! నేను జాగ్రత్తగా ఉండమన్నారనుకున్నా!"

"చెప్పాననే అనుకున్నాను," అన్నాడు.

ఆవిడకి అర్థం కాలేదని పొద్దున ట్రక్కులో మనసులో ఎంత విసుక్కున్నానో! అదే మాట, అదే తీరు, మా వైపు మనిషే చెబితే నాకూ అందలేదు. ఆయన మూడు రోజుల నుంచి, క్లాసులో చెప్పేసే ఉంటాను, ఇవాళో రేపో పిలుపొస్తుంది అని ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని ఆఫీసులో కూర్చున్నాడట. ఫోను మోగితే ఆయనకీ దడేనట. పులుసు వేడిచేసి పోస్తే మాత్రం ఆ రాత్రి గిన్నె ఖాళీ చేశాడు.

తర్వాత ఏం జరిగిందో ముందే చెప్పేస్తాను. మా ఆయన్ని ఎవరూ ఏ గదిలోనూ నిలబెట్టలేదు, ఎవరూ ఏమీ అడగలేదు. మార్చిలో ఆయన ఉద్యోగం అందరితోపాటే పోయింది. హెడ్డాఫీసు మాట ఇచ్చినాయన ఫోను కూడా ఎత్తలేదు. మేము సామాను కట్టుకుని నార్త్ కరోలినా వెళ్ళి, వేరే కంపెనీలో, కాగితాలు మళ్ళీ మొదటినుంచి పెట్టుకున్నాం. కానీ ఆ శుక్రవారం పొద్దున ఇదేదీ నాకు తెలియదు. ఆ పొద్దున నాకు తెలిసిందల్లా, నేను నోరు విప్పితే మా బతుకు ఆ గదిలో ఉన్న అంతమంది చేతుల్లో పెట్టినట్టేనని. ప్రార్థన చేసుకుందామంటే మాటలు రాలేదు.

క్లాసులోకి వెళ్ళాను. వలందుల అధ్యాయంలో ఆఖరి భాగం మిగిలి ఉంది. వాళ్ళ కంపెనీ చేతులెత్తేయడం, బందరు కోఠీ చివరికి ఇంగ్లీషువాళ్ళ పాలవడం. పుస్తకం తెరిచాను. అక్షరాలు కనబడలేదు. మూసేశాను. తలుపు దగ్గర కూర్చున్నతనితో తలుపు వేయమన్నాను. ముందు బెంచీలో ఆవిడ చేతులు కట్టుకుని నన్నే చూస్తోంది.

"మీ ప్లాంటు మూసేస్తున్నారు," అన్నాను. "మార్చి ఆఖరుకి. టెనెసీకి అవకాశం వచ్చినవాళ్ళు ఇవాళ ఐదులోపు వెళ్ళి సరేననండి. రానివాళ్ళు ఇప్పటి నుంచే వేరే పని వెతుక్కోండి. నాకెలా తెలుసో అడగొద్దు. ఎవరికీ చెప్పొద్దు అనడానికి నాకు హక్కు లేదు, కానీ నాకు చాలా భయంగా ఉంది."

ఒకతను గట్టిగా నవ్వబోయి ఆగిపోయాడు. ఎవరో చేతిలో పెన్సిలు విరిచారు. ఆ తర్వాత ఒక్కొక్కరూ లేచారు. కుర్చీలు వెనక్కి జరిపి, మళ్ళీ చప్పుడు కాకుండా వాటి చోట్లలో పెట్టి, కోట్లు తొడుక్కుని వెళ్ళారు. నా వంక చూడకుండా వెళ్ళారు. నేను బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాను.

ఆఖర్న వెనక బెంచీ గడ్డపాయన వచ్చాడు. నా ముందు ఆగాడు. టోపీ చేతిలో నలుపుతూ, ఏదో అడగబోయి మానేశాడు. తలుపు దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు.

"మీ ఆయనకి నా థాంక్స్ చెప్పండి," అన్నాడు.

ఆ గదిలో నేను మా ఆయన మాటే ఎత్తలేదు.